కదిలిన పెదవి, పలికిన గొంతు

ఒకానొక రాజ్యంలో, దాని పేరు నాకూ గుర్తులేదు, రణకేసరి అనే రాజుండేవాడు. "నా కంటినీ చెవినీ మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు" అని మీసం మెలేసేవాడు. అది చాలదన్నట్టు పాటల పిచ్చి కూడానూ! వినే పిచ్చయితే ఫరవాలేదు, పాడే పిచ్చి. సభలో కూర్చున్నవాళ్ళకి ఇక దిక్కెవరు?

ఒకరోజు ఆయన రాగం ఎత్తుకోగానే, వెనకనుంచి "అబ్బ, పిల్లి ఏడ్చినట్టుంది!" అన్న మాట వినబడింది. రాజు గిరుక్కున తిరిగాడు. వింజామర వీచే ఓబలేశు పెదవులు కదులుతున్నాయి.

"వీడే! చెవులారా విన్నాను, కళ్ళారా చూశాను. రేపు పొద్దుగూకేలోగా వీడు రాజ్యం విడిచి పోవాలి!"

"వక్క నములుతున్నాను మహాప్రభో!" అని మొత్తుకున్నా వినలేదు. ఓబలేశు ఇంట్లో చూస్తే నెలలు నిండిన భార్య. పాపం, ఏడుస్తూ వెళ్ళి ఆస్థాన విదూషకుడు తిప్పన కాళ్ళమీద పడ్డాడు.

"ఊరుకోరా. నీకు పాడడం వచ్చా?" అన్నాడు తిప్పన.

"జోలపాటలు వచ్చు స్వామీ."

మర్నాడు ఉదయం తిప్పన ఒక ముసలాయన్ని సభకు తెచ్చి, తెరముందు కూర్చోబెట్టాడు. ముసలాయన నోరు తెరిచాడో లేదో, ఆహా, ఏం గొంతండీ! రాజు మురిసిపోయి మెడలోని ముత్యాలహారం తీసి ఆయనకిచ్చేశాడు.

"ఇంకొక్కటి అందుకో తాతా!"

"నాకు పాటెక్కడిది దొరా?" అన్నాడు ముసలాయన బొంగురుగా. "నోరు తెరిచి మూస్తూ ఉండమన్నారు. ఉన్నాను."

తిప్పన తెర లాగాడు. వెనక ఓబలేశు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు! సభ గొల్లుమంది.

"తాతే పాడాడని ఒట్టేసి చెప్పేవాణ్ణే!" అన్నాడు రాజు తెల్లబోయి.

"నిన్నా అంతే ప్రభూ," అన్నాడు తిప్పన. "చెవి మాట విన్నది, కన్ను పెదవి చూసింది. మనసు తొందరపడి బోడిగుండుకీ మోకాలికీ ముడేసింది. ఎవరి మనసైనా చేసే పనే అది."

"సరే, ఓబలేశుకు శిక్ష లేదు. మరి ఆ మాట అన్నదెవరు?"

"పట్టుకోవడం ఎంతసేపు! తమరు మళ్ళీ పాడండి. ఈసారి కళ్ళు మూసుకుని విందురుగాని."

సభంతా గతుక్కుమంది. రాజు ఆ మొహాలు చూశాడు. చూసి, పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"వద్దులేవయ్యా!" అన్నాడు, తన కంకణం తీసి తిప్పన చేతికి తొడుగుతూ. "ఈసారి ఆ మాట సభంతా అంటుంది. అందర్నీ వెళ్ళగొడితే నేనెవర్ని ఏలను?"