వెండి పళ్లెంలో ముసలావిడ

గిరిమెట్ట కోటలో అంచు చుట్టూ నెమళ్లు చెక్కిన పెద్ద వెండి పళ్లెం ఉండేది. అది తన ముత్తవ్వదని వీరభూపతి రాజు వచ్చినవాళ్లందరికీ గొప్పగా చూపించేవాడు.

ఒక సాయంత్రం విందులో దీపాలు పెట్టగానే ఆ పళ్లెంలో ఎవరో ముసలావిడ ముఖం కనిపించింది. చుట్టుపక్కల అలాంటి మనిషే లేదు. ఆమె రెప్ప వేయకుండా రాజునే చూస్తోంది. అతిథులు బిక్కచచ్చిపోయారు.

“ఇది పళ్లెం తోమే నూకాలు చేతబడి! దాని పళ్లు రాలగొట్టి ఊరవతలికి తరమండి!” అని రాజు అరిచాడు.

భటులు నూకాలును పట్టుకున్నారు. ఆమె చేతులు జోడించింది.

“బాబూ, పళ్లెం మీ ముత్తవ్వగారిదే కదా. మునిమనవణ్ణి చూసుకోవడానికి ఆవిడే వచ్చి ఉంటారు. దగ్గరికెళ్లి దణ్ణం పెట్టండి, దీవిస్తారు.”

రాజుకి అడుగు పడలేదు.

“సొంత ముత్తవ్వంటే భయమేంటి బాబూ?” అంది నూకాలు.

అతిథులంతా రాజు వైపే చూస్తున్నారు. చివరికి అతను నిజం ఒప్పుకున్నాడు.

“ఆవిడ మా మనిషి కాదు. మా తాత పొరుగు కోటను తగలబెట్టి ఈ పళ్లెం తెచ్చాడు. వాళ్ల ముసలి రాణి ఆ మంటల్లోనే ఉండిపోయింది.”

భటులు నూకాలును వదిలేశారు. పళ్లెంలోని ముఖం మెల్లగా కళ్లు మూసుకుంది.

పక్కనున్న వెండి గిన్నెలో మరో ముఖం కళ్లు తెరిచింది.