గొంగడి మీది డబ్బ

మనిషిని చూసి మనిషి కుళ్లుకోవడం లోకంలో ఉన్నదే. పోశెట్టి మాత్రం ఆ ఎండాకాలం ఒక పాత లాప్‌టాప్‌ను చూసి కుళ్లుకున్నాడు.

పోశెట్టికి బజారులో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం ఉంది. పొద్దంతా మోటార్లకు తీగ చుట్టేవాడు. ఎండ తగ్గుముఖం పట్టగానే షట్టర్ దించి ఆగయ్య గురువు ఇంటికి పోయేవాడు. ఆగయ్యది తత్త్వాలు పాడే పరంపర. విగ్రహం లేదు, హారతి లేదు. నల్ల గొంగడి ఒకటి పరుచుకుని, దాని మీద కూర్చుని పాడతాడు. విన్నవాడికి అందినంత. ఆ గొంగడి ఆయన గురువు బాలమ్మ ఇచ్చింది. దాని అంచు తొక్కాలన్నా శిష్యులు జంకుతారు.

బాలమ్మ ఇచ్చింది ఇంకొకటి కూడా ఉంది. ఒక పెద్ద తత్త్వం. దాన్ని కాగితం మీద పెట్టవద్దని ఆమె ఆన. "రాస్తే కాయితం పాడుతది, నువ్వు పాడవు" అన్నదట. ఆగయ్య దాన్ని చరణం చరణంగా పోశెట్టికి నోటితోనే నేర్పాడు. చివరి చరణం మాత్రం మిగిల్చాడు. ఎప్పుడడిగినా "దాని యాళ్లకు అదొస్తది" అనేవాడు.

ఆ వేళ కోసం పోశెట్టి జుట్టు నెరిసేదాకా కాచుకున్నాడు. ఏదో ఒకరోజు గురువు దగ్గరకు పిలిచి చెవిలో చెబుతాడని, ఆ తర్వాత గొంగడి కూడా తనదే అవుతుందని అతని నమ్మకం. పైకి ఎవరితోనూ అనలేదు. భార్య లస్మవ్వతో మాత్రం అంటూనే ఉండేవాడు.

అంతలో రజిత వచ్చింది. పక్క ఊరి పిల్ల, యూనివర్సిటీలో జానపదాల మీద చదువుకుంటోంది. ఒకసారి వచ్చి ఆగయ్య పాట విన్నది, ఇక వదల్లేదు. ఆగయ్య గొంతు అప్పటికే సన్నగిల్లుతోంది. ఎక్కువ పాడితే ఉన్నది కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. "గొంతు ఉండంగనే దాసుకుందాం తాతా" అని రజిత ఒక మైకు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న లాప్‌టాప్ పట్టుకొచ్చింది. ఫోనులో తీస్తే గొంతులోని సన్న జీర పడదని ఆమె పట్టు.

పోశెట్టి అడ్డం పడ్డాడు. "బాలమ్మ ఆన ఉండె గద, గురువా?"

"రాయొద్దన్నది. పాడొద్దన్నదా?" అన్నాడు ఆగయ్య.

అంతటితో పోయినా బాగుండేది. లాప్‌టాప్ ఎక్కడ పెట్టాలా అని రజిత అటూ ఇటూ చూస్తుంటే, ఆగయ్య లేచి తన కిందున్న గొంగడి తీశాడు. నాలుగు మడతలు వేసి ముందు పరిచాడు.

"ఇది బాలమ్మ పాట విననీకొచ్చింది. వట్టి నేల మీద కూసోబెడ్తమా?" అన్నాడు.

లాప్‌టాప్ వెళ్లి గొంగడి మీద కూర్చుంది. గురువు వట్టి బండల మీద కూర్చున్నాడు.

పోశెట్టి కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టయింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ కొమ్ములు రజితవైతే ఎలాగో సర్దుకునేవాడు, పిల్ల మంచిది. ఇదేమో ప్రాణం లేని డబ్బ. తన చెవికి రావలసిన చరణం దాని చెవిలో పడబోతోంది. అదీ తన గొంగడి మీద కూర్చుని! అవును, 'తన' గొంగడి అనే అనుకున్నాడు.

ఆరోజే పోశెట్టి ఇంకో సంగతి గమనించాడు. మోటార్లతో బతికేవాడి కన్ను అటే పోతుంది. లాప్‌టాప్ అడుగున గాలి పీల్చుకునే సందులున్నాయి. మెత్తటి ఉన్ని వాటిని నిండుగా మూసేసింది. 'ఇది కాగుతది' అనుకున్నాడు. నోరు మాత్రం తెరవలేదు.

కాగింది. రోహిణి కార్తె, పైన రేకుల కప్పు. ఆగయ్య మూడో చరణానికి వచ్చేసరికి డబ్బ లోపలి ఫ్యాను బొయ్యిమని ఎత్తుకుంది. ఆరో చరణంలో తెర నల్లబడి, మొత్తం ఆగిపోయింది. అప్పటిదాకా పట్టిన పాట కూడా దక్కలేదు.

"తాతా, పోయింది" అంది రజిత. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆగయ్య నీళ్లు తాగి, "రేపు" అన్నాడు. ఆ మాట కూడా గుసగుసగానే వచ్చింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మంచుగడ్డ నీళ్లలో ముంచిన గుడ్డ పక్కన పెట్టి చూశారు, టేబుల్ ఫ్యాను దాని మొహానికి తిప్పి చూశారు. పాట చివరికి మాత్రం చేరలేదు. నడుమ ఆగితే మళ్లీ మొదటి చరణం నుంచి ఎత్తుకోవడమే ఆ తత్త్వం పద్ధతి. ఆగయ్య గొంతు రోజుకింత అరిగిపోతోంది. పాడిన మర్నాడు పొద్దున ఆయనకు ఏం కావాలన్నా చేత్తో సైగ చేయాల్సి వస్తోంది. పోశెట్టి అది చూశాడు. మాట నోటిదాకా వచ్చింది. గొంగడి మీద దర్జాగా కూర్చున్న డబ్బ కళ్లబడగానే మళ్లీ కడుపులోకి దిగిపోయింది.

మరి రజితకు ఎందుకు తట్టలేదంటారా? గురువు గొంగడి పరిచి కూర్చోబెట్టినదాన్ని ఎత్తి నేల మీద పెట్టాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచదు. ఆ గొంగడి మీద చెడు జరుగుతుందని అసలే తోచదు. కొన్న దుకాణంలో తనను మోసం చేశారని మాత్రమే ఆ పిల్ల దిగులు.

ఇంట్లో పోశెట్టికి ముద్ద దిగడం లేదు. లస్మవ్వ సంగతంతా కూపీ లాగి, నవ్వలేక చచ్చింది.

"మనిషి మీద కుళ్లితె ఓ అర్థముంటది. డబ్బ మీద కుళ్లుడేందయ్యా? కడుపు మంటకు సల్ల పొయ్యాల్నా?"

పోశెట్టి కంచం దగ్గర్నుంచి లేచిపోయాడు.

చివరికి ఆగయ్యే అడిగాడు. "నువ్వన్నా జర సూడరాదూ, పోశెట్టి?"

పోశెట్టి దాన్ని దుకాణానికి తెచ్చి అడుగు మూత విప్పాడు. పనిలో మాత్రం అతను దొంగ కాదు. ఫ్యాను రెక్కల వెనక దుమ్ము దూది వత్తిలా పేరుకుని ఉంటే బ్రష్షుతో లాగాడు, బ్లోయరుతో ఊదాడు. చిప్పు వేడిని లాగేసే పేస్టు ఎండిపోయి ఉంటే గీకి కొత్తది రాశాడు. మూత బిగించి, చెక్క బల్ల మీద పెట్టి, సినిమా పాటలు వరసగా తిప్పాడు. పొద్దుటి నుంచి భోజనం వేళ దాకా ఆగకుండా పాడింది. చెయ్యి ఆనించి చూస్తే గోరువెచ్చగా ఉంది, అంతే.

ఇక అనుమానం లేదు. చెప్పడానికి ఒక్క మాట చాలు. సంచి భుజాన వేసుకుని, దారి పొడుగునా ఆ మాటను నాలుక మీద మోసుకుంటూ వెళ్లాడు.

గడప దాటి చూస్తే ఆగయ్య గొంగడి దులిపి, మళ్లీ నాలుగు మడతలు వేసి పరిచి ఉంచాడు. డబ్బ కోసం. పోశెట్టి కోసం ఎప్పటి చాపే ఉంది.

"బాగైందా అన్నా?" అంది రజిత.

"నా చేతనైంది చేసిన" అన్నాడు పోశెట్టి. తన చేతులతోనే దాన్ని గొంగడి నడుమ పెట్టాడు. "పాత డబ్బ. ఎన్నొద్దులుంటదో ఎవలకెరుక."

ఆ సాయంత్రం దుమ్ము తీసిన పుణ్యాన ఒక చరణం ఎక్కువ నడిచి ఆగిపోయింది. రజిత కొంగులో మొహం దాచుకుంది. ఆగయ్య మాత్రం లాప్‌టాప్ వైపు చూడలేదు. పోశెట్టి వైపు చూశాడు.

మరుసటి రోజు అందరూ చేరాక ఆగయ్య మైకు ముందుకు రాలేదు.

"ఇయ్యాల నా గొంతు లేస్తలేదు. పోశెట్టి, నువ్వు పాడు. నీకొచ్చిన కాడికి."



"బిడ్డా, ఆ డబ్బను జర లేపి అవతల పెట్టు" అన్నాడు ఆగయ్య. రజిత లాప్‌టాప్ తీసి బండల మీద పెట్టింది. ఆయన గొంగడి విదిల్చి తెచ్చాడు. వానలో గొర్లకాపరి వేసుకునే కొప్పెరలాగా పోశెట్టి తల మీదుగా కప్పి, గడ్డం కింద దగ్గరికి లాగి ముడి వేశాడు.

"గురువా, ఇది బాలమ్మది…"

"నీకు గావాలెనని నాకు తెల్వదా? పాడు."

ఇన్నేళ్లకు! పోశెట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఉన్నిలో గురువు ఒంటి వాసన ఉంది. డబ్బ వట్టి నేల మీద, తను గొంగడిలో. గొంతెత్తాడు.

*ఇల్లు నాదంటివి, ఇటుక నాదంటివి,*
*ఇంటిలోని చీకటి ఎవరిదే మనసా…*

మొదటి చరణం హాయిగా సాగింది. రెండో చరణానికి కళ్లలోని తడి ఒంటికి పాకింది. నెత్తిన రేకులు మండుతున్నాయి. వెన్ను మీద చెమట కాలువ కట్టింది. ఉన్ని మెడకు గుచ్చుకుంటోంది. పదానికీ పదానికీ మధ్య ఊపిరి కోసం నోరు తెరవాల్సి వస్తోంది. విప్పమని అడగడానికి మొహం చెల్లలేదు. కోరి కోరి కప్పుకున్నదాయె.

ఆ ఆయాసంలోనే అతనికి ఒక తేడా తెలిసింది. రోజూ ఈపాటికి బొయ్యిమనే ఫ్యాను ఇవాళ వినబడటం లేదు. డబ్బ బండల మీద, చల్లగా, చప్పుడు లేకుండా తన పని తాను చేసుకుంటోంది. చప్పుడును బట్టి మోటారు రోగం చెప్పే మనిషికి అంతకన్నా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆరో చరణంలో పోశెట్టి ఆగిపోయాడు.

"ఏమాయె?" అన్నాడు ఆగయ్య.

"ఉడుకు, గురువా. ఊపిరాడుతలేదు."

"బాలమ్మ గొంగడి గద."

"ఎవలదైతేంది, ఊపిరాడాలె గద!"

అన్నాక ఆ మాట అతనికే వినిపించింది. తల వాలిపోయింది.

"దానికి అడుగున సందులుంటయి" అన్నాడు, నేలను చూస్తూ. "గాలి అండ్లకెళ్లే పోవాలె. గొంగడి మూసేస్తున్నది. నాకు మొదటి రోజే తెల్సు. బాగుచేసి తెచ్చి, నా చేతులతోనే మళ్ల దాని మీద పెట్టిన."

"అన్నా! తాత గొంతు…" అని రజిత మాట మింగేసింది.

ఆగయ్య ముడి విప్పి గొంగడి తీశాడు. తన తుండుతో పోశెట్టి మెడ, వీపు తుడిచాడు. చెంబుతో నీళ్లు అందించాడు.

పోశెట్టి నీళ్లు తాగి, ఎవరి మొహమూ చూడకుండా బయటకు వెళ్లాడు. ఇక రాడేమో అనుకున్నారు. వీధి చివర సోడా బండి దగ్గర ఏరుకున్న నాలుగు మూతలతో తిరిగి వచ్చాడు. లాప్‌టాప్ నాలుగు మూలల కింద నాలుగూ పెట్టి, బోర్లా పడుకుని, అడుగున గాలి ఆడుతోందా లేదా అని చెంప ఆనించి చూశాడు. తర్వాత పోయి చాప మీద కూర్చున్నాడు.

ఆగయ్య మైకు ముందుకు జరిగాడు.

"గొంతు లేస్తలేదంటివి గద తాతా?" అంది రజిత.

"ఇప్పుడు లేస్తది."

పాడాడు. బీటలు వారిన గొంతుతో, సన్నగా, ఎక్కడా ఆగకుండా పాడాడు. ఆరో చరణం దాటింది, ఏడోది దాటింది. ఆ తర్వాత, పోశెట్టి జుట్టు నెరిసేదాకా కాచుకున్నది వచ్చింది. ఎవరూ అతని చెవిలో చెప్పలేదు. గదిలో ఉన్న అందరితో పాటే విన్నాడు, డబ్బతో పాటే విన్నాడు. మొదటి రోజే నోరు తెరిచి ఉంటే మొదటి రోజే వినేవాడు. అది తట్టగానే పోశెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పాట అయిపోయింది. ఆగయ్య గొంగడి మడిచి దండెం మీద వేశాడు. అందరూ వెళ్లాక పోశెట్టి గడప దగ్గర నిలబడ్డాడు.

"గురువా, గొంగడితోని డబ్బ కాగుతున్నదని మీకెట్ల ఎరుకైంది?"

"డబ్బ సంగతి నాకేం ఎరుక, కొడకా?" అన్నాడు ఆగయ్య. "నేను చూసింది నువ్వు కాగుడే."