ఒంటిచెప్పు వీరులు, కట్టని పడవ

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో జనం ఒక పూట అన్నం లేకుండా ఉండేవారేమో గానీ, కథ లేకుండా ఉండేవారు కాదు.

ఆ కథలన్నిట్లోకీ గొప్పది విజయకేతు కథ. దాన్ని అల్లినవాడు శరభయ్య. వీరుడు విజయకేతు తుఫానులో ఏరు దాటాడు. రాక్షసుడి కోటలో దూరాడు. చెరలో ఉన్న చెల్లెల్ని విడిపించి మళ్ళీ ఏటి ఒడ్డుకి పరుగెత్తుకొచ్చాడు. వెనక రాక్షసులు, ముందు వరద! అక్కడ ఆపేశాడు శరభయ్య. ఆపి పన్నెండేళ్ళయింది.

జనం ఊరుకుంటారా? ఆ కథ మీది అభిమానంతో ఊరూరా ఏటా సంబరాలు మొదలుపెట్టారు. పన్నెండో ఏట శరభయ్య కబురు పంపాడు.

"నాలుగు ఊళ్ళ సంబరాలు చూస్తాను. ఎక్కడ నా కథ ఒక్క అడుగు ముందుకు కదిలితే అక్కడే చివరి భాగం చెబుతాను. ఎక్కడా కదలకపోతే ఇక ఆ కథ అంతే. ముసలివాణ్ణి, మళ్ళీ ఇల్లు కదలను."

పసిడివీడు, ముత్యాలకోట, వెండివాక పెద్ద పట్నాలు. నాలుగోది ఏటిమొగ, చిన్న పల్లె. అక్కడి రేవులో పడవ నడిపే నూకాలు ఆ కబురు విని ఎగిరి గంతేసింది. పన్నెండేళ్ళుగా తెడ్డు వేస్తూ ఆమె తలుచుకునేది ఒక్కటే. ఆ అన్నాచెల్లెళ్ళు ఇల్లు చేరారా, లేదా?

ఊరిపెద్ద దాలినాయుడు ఆమెను పిలిచాడు. "నూకాలూ, ముందు ఆ మూడు పట్నాలూ చూసి రా. వాళ్ళెలా చేస్తే మనమూ అలాగే. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

నూకాలు బయలుదేరింది.

పసిడివీడులో పెద్ద తోరణం, నలభై డప్పులు, ఎర్ర తలపాగాతో విజయకేతు వేషగాడు! అంతలో వాన కురిసింది. వేషగాడి ఎడమ కాలి చెప్పు బురదలో కూరుకుపోయింది. పాపం, ఒంటి చెప్పుతోనే కత్తి తిప్పుతూ ఊరంతా తిరిగాడు. జనం ఈలలు వేశారు. శరభయ్య ఒకసారి ఆవలించి వెళ్ళిపోయాడు.

ముత్యాలకోటలో అదే తోరణం, అవే నలభై డప్పులు. వాన చినుకు లేదు, నేల ఎండి పగిలి ఉంది. అయినా వేషగాడి కాలికి ఒంటి చెప్పే! శరభయ్య రెండుసార్లు ఆవలించాడు.

వెండివాకలో మూడు వందల మంది విజయకేతులు! మూడు వందల ఎర్ర తలపాగాలు, మూడు వందల ఒంటి చెప్పులు. నూకాలు ఒకణ్ణి ఆపి అడిగింది. "రెండో చెప్పేదయ్యా?"

"అది సంప్రదాయం! ఆ మాత్రం తెలీదా? ఏ ఊరే నీది?"

పక్కనున్న శరభయ్య, "నా వీరుడికి రెండు కాళ్ళూ ఉన్నాయి కదా నాయనా" అన్నాడు.

"నీకు కథ తెలీదు తాతా, తప్పుకో!" అన్నాడు వాడు.

శరభయ్య మూడుసార్లు ఆవలించాడు. నూకాలు వెంటనే ఊరి దారి పట్టింది.

ఊరికి తిరిగొచ్చి, "నాయుడు మావా, మూడు ఊళ్ళు తిరిగినా నేను చూసింది ఒక్క సంబరమే. అదే మనమూ చేశామా, కథ గంగలో కలిసినట్టే" అంది.

"పెద్ద ఊళ్ళకు లేని తెలివి నీకొచ్చిందా? నలుగురూ నవ్వరూ? ఒంటి చెప్పులు కుట్టించేశాను కూడా!"

"అయితే ఒడ్డు నీది మావా, నీ ఇష్టం. ఏరు నాది, నా ఇష్టం."

సంబరం రోజు రానే వచ్చింది. ఏటిమొగకి రావాలంటే శరభయ్య అయినా పడవ ఎక్కాల్సిందే. నూకాలు ఎర్ర తలపాగా చుట్టలేదు. పాత గొంగళి కప్పుకుని, తండ్రి తాటాకు గొడుగు తలమీద పెట్టుకుని తెడ్డు పట్టింది.

నడి ఏట్లో ఆమె గొంతెత్తింది. "అవతలి ఒడ్డున ఎవరది? విజయకేతు బాబేనా? చెల్లెమ్మ కూడా ఉందా? ఉండండి, వస్తున్నా!"

శరభయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎవరమ్మా నువ్వు?"

"నీ కథలో పడవవాణ్ణి తాతా. 'ఓ పడవవాడు దాటించాడు' అని ఒక్క ముక్క చెప్పి నన్ను మరిచిపోయావు. మా రేవులో ఒక కట్టుబాటుంది. తుఫానులో దాటించిన మనిషి తిరిగొచ్చేదాకా పడవ గుంజకి కట్టకూడదు. పన్నెండేళ్ళయింది, నేనింకా పడవ కట్టలేదు!"

శరభయ్య నోరు తెరిచాడు. ఈసారి ఆవలించడానికి కాదు!

"కట్టలేదా! అంటే వాడు అక్కడే ఉన్నాడు! వరదలో ఎదురు చూస్తూ అక్కడే ఉన్నాడు! అయ్యో, పన్నెండేళ్ళుగా ఏటి మీద వంతెన కోసం వెతికాను గానీ, పడవవాణ్ణి తలుచుకోలేదే! ఆపమ్మా, పడవ ఇక్కడే ఆపు!"

పడవలోనే లేచి నిలబడి కథ అందుకున్నాడు. వరద హోరు, వెనక రాక్షసుల కేకలు, చీకట్లోంచి తెడ్డు చప్పుడు! ఆ గొంతు ఒడ్డుకి వినబడింది. డప్పులు ఆగిపోయాయి. జనం తోరణం వదిలేసి మోకాటిలోతు నీళ్ళలోకి ఉరికారు. అందరికంటే ముందు దాలినాయుడు! కాలికున్న ఆ ఒంటి చెప్పూ ఏట్లో కొట్టుకుపోతున్నా చూసుకోలేదు.

"చేరారా? ఇల్లు చేరారా?" అని అరిచాడు.

"చేరారు!" అన్నాడు శరభయ్య. "అప్పుడు గానీ ఆ పడవవాడు పడవ కట్టలేదు!"

నూకాలు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

మరుసటేడు ఏమైందో తెలుసా పిల్లలూ? ఏరే లేని పసిడివీడులో బండిమీద పడవ పెట్టి ఊరేగించారట! దాని చుట్టూ మూడు వందల మంది గొంగళ్ళు కప్పుకుని ఎండలో చెమటలు కక్కుతూ నడిచారట!

ఎదుటివాడి సంబరాన్ని అచ్చు దించడం అభిమానం కాదు. మనసు పడినదానికి మనదైన ఒక్క మాట చేర్చడమే అభిమానం.