లూదియమ్మ ఎత్తిన సగం పాట

సముద్రం ఇంకా ఇంత దూరం జరగనప్పటి మాట, వినండర్రా. అప్పుడు రేవుకి పేరు లేదు, దారికి రాయి లేదు. ఉప్పుటేటికి ఈవల ఉప్పు కొటార్లు, ఆవల ఒక పల్లె. కొటార్లలో మడులు కట్టి, ఉప్పునీళ్లు పెట్టి, ఎండగట్టి ఉప్పు తీసేవాళ్లు. ఆ తీసేవాళ్లలో లూదియమ్మ ఒకతె.

లూదియమ్మకి మొగుడు లేడు. మార్త అని ఎదిగొస్తున్న కూతురు, తబిత అని చంకలో పిల్ల. ఆస్తి అంటే ఒక చాప, ఒక కుండ, ఒక కంగారు. చాప చిరిగింది, కుండ మసిబారింది, కంగారు మాత్రం ఎప్పుడూ కొత్తదే. నిలబడ్డ చోట నిలవదు, కూర్చున్న చోట కూర్చోదు.

ఆ కంగారంతా పిల్లల గురించే. కొటార్లలో ప్రభువుని నమ్ముకున్న ఇల్లు తనదొక్కటే. సంఘమంతా ఏటికి ఆవల ఉంది. ఆదివారం వచ్చిందంటే పిల్లలకి తలలు దువ్వి, పడవెక్కించి, ఆ పల్లెలోని ప్రార్థన పాకకి తీసుకుపోయేది. అక్కడ కూర్చున్నంతసేపే ఆమె కూర్చున్నట్టు.

ఆ పాకలో ఒక వాడుక ఉండేది. పాట ఒకరు ఎత్తాలి, మిగతావాళ్లు అందుకోవాలి. ఎత్తిన గొంతు అందుకోకూడదు.

"ఏటికి ఆవల ఉన్నాడు నా కాపరి" అని ఒకరు ఎత్తితే,

"ఏటికి ఈవలా ఉన్నాడు నా కాపరి" అని పాకంతా అందుకునేది.

ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. ఏరు గట్లు తెంచుకుని సముద్రమంత వెడల్పయింది. పడవ పోయింది. చుట్టూ తిరిగిపోదామంటే మడ అడవి, మొలలోతు బురద. ఆవలివాళ్లు ఆవలే, ఈవలివాళ్లు ఈవలే.

ఆదివారం వచ్చింది. లూదియమ్మ ఏటిగట్టు మీద చాప పరిచింది, ఏటివైపు తిరిగింది, పాట ఎత్తింది.

"ఏటికి ఆవల ఉన్నాడు నా కాపరి..."

ఆగింది. మార్త సన్నగా అందుకుంది. తబిత చప్పట్లు కొట్టింది. అయినా లూదియమ్మ చెవి ఆవలి ఒడ్డు మీదే ఉంది. గాలి వీచింది, కొంగ అరిచింది, అంతే.

ప్రతి ఆదివారం ఇదే. కొటార్లవాళ్లకి నవ్వులాటైంది.

పక్క మడిలో ఉప్పు లాగే నూకాలు అంది: "ఏమే లూదియమ్మా, సగం పాటకి నీ దేవుడు సగం కూలే ఇస్తాడా?"

మేస్త్రీ గంగులు అన్నాడు: "రెండు ముక్కలూ నువ్వే పాడుకుంటే పోలా? గొంతు నీదే, నోరు నీదే, ఎవడొద్దన్నాడు?"

ఉప్పు కుప్పలకి కావలి కాసే ముసలాయన ఉన్నాడు. పేరెవరూ అడగలేదు, అందరికీ కావలి తాతే. ఆయన నవ్వలేదు, కసురుకున్నాడు. "ఆపమ్మాయ్! ఆ ఒడ్డుకి వినబడదు. ఈ ఒడ్డుకి నిద్ర ఉండదు!"

మూడు మాటలూ మార్త విన్నది. ఆ పై ఆదివారం చాప మీద కూర్చుంది గాని నోరు తెరవలేదు.

"అందుకోవేం తల్లీ?"

"నేను అందుకోనమ్మా. కొటార్ల పిల్లలు నన్ను సగం పాటా, సగం పాటా అని పిలుస్తున్నారు."

ఆ తర్వాతి ఆదివారం చాప మీదకే రాలేదు. ఉప్పు కుప్పల వెనక పిల్లలతో ఆడుకోడానికి పోయింది.

ఇక లూదియమ్మకి కుదురుందా? నిలబడ్డ చోట నిలవదు, కూర్చున్న చోట కూర్చోదు. మడిలో నీళ్లు పెడుతూ మార్త ఎక్కడుందో చూస్తుంది. అన్నం వారుస్తూ వాకిట్లోకి వస్తుంది. 'నేనే సరిగ్గా పెంచలేదా? గట్టిగా పిలిస్తే ఇంకా దూరం పోతుందా? పిలవకపోతే పిలవలేదనుకుంటుందా?'

ఒక్కసారి మాత్రం, గంగులు అన్నట్టే, రెండో ముక్కా తనే పాడేద్దామని నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. 'నాకు నేనే అందుకుంటే, ఎవరూ లేకపోయినా పరవాలేదని నా బిడ్డ నేర్చుకుంటుంది. అది నా చేతులతో నేను నేర్పలేను' అనుకుంది.

అందుకని ఎత్తేది, ఆగేది. మళ్లీ ఎత్తేది, ఆగేది.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. సగం పాట చెవిన పడితే మనిషికి తోచదు చూడండి, కొటార్లకీ అలాగే అయింది. లూదియమ్మ ఆగినప్పుడల్లా నూకాలు చేతిలో గరిటె ఆగిపోయేది. గంగులు తిట్టబోయిన తిట్టు మరిచిపోయేవాడు. కావలి తాత తలకి తువ్వాలు బిగించి చుట్టుకునేవాడు, చెవులు మూసుకుపోయేలా.

వానలు పడ్డాక లూదియమ్మకి జ్వరం తగిలింది. ఆదివారం వచ్చింది. గట్టు మీద చాప లేదు, పాట లేదు.

"ఇవాళేంటి, చెవులు ఖాళీగా ఉన్నాయి?" అంది నూకాలు. గంజి చెంబు పట్టుకుని వచ్చింది. ఆమె వెనక గంగులు వచ్చాడు. ఆ వెనక కర్ర పొడుచుకుంటూ కావలి తాత వచ్చాడు, వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. మార్త తల్లి కాళ్ల దగ్గర ముడుచుకుని ఉంది. 'నేను అందుకోనందుకే అమ్మకి ఇలా అయింది' అని ఆ పిల్ల బెంగ.

లూదియమ్మకి ఒళ్లు కాలిపోతోంది. ఏరున్న వైపు, గోడకి తిరిగి పడుకుంది. ఆ గోడకే ఎత్తింది.

"ఏటికి ఆవల ఉన్నాడు... నా కాపరి..."

ఆగింది.

అప్పుడు గడప దగ్గర్నుంచి పగిలిన కుండలాంటి గొంతొకటి లేచింది.

"ఏటికి ఈవలా ఉన్నాడు నా కాపరి."

లూదియమ్మ ఇటు తిరిగింది. "తాతా! నువ్వా?"

"నేనే. నా పేరు ఏసోబు. మీసం నల్లగా ఉన్న రోజుల్లో నాదీ ఆ పాకే. ఒకనాడు పాట ఎత్తితే నా గొంతు విని నలుగురూ నవ్వారు. రోషమొచ్చి ఏరు దాటొచ్చేశాను. ఇక్కడ హాయిగా మరిచిపోయి బతుకుతుంటే నువ్వు దాపురించావు! ఆ రెండో ముక్క గొంతులో చేపముల్లులా అడ్డంపడి, ఇన్నాళ్లూ మింగనివ్వదు, కక్కనివ్వదు."

"మరి ముందే అందుకోలేదేం తాతా? నేనెంత ఎదురు చూశానో!"

ఏసోబు కర్రతో నేల గీశాడు. "నువ్వు ఏటివైపు తిరిగి పాడావు కదమ్మా. నన్నడుగుతున్నావని నాకేం తెలుసు?"

లూదియమ్మకి నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. ఆవల ఒడ్డుకేసి చూసి చూసి, ఈవల ఒడ్డుకి వీపు పెట్టేసిందన్నమాట.

"మళ్లీ ఎత్తమ్మా" అంది మార్త. ఎత్తింది. ఈసారి మార్త అందుకుంది, ఏసోబు అందుకున్నాడు. చెంబు కింద పెట్టి నూకాలూ అందుకుంది. "ఊరికే! ఆ ముక్క తేలకపోతే నాకు కూర మాడిపోతోంది!" అంది.

జ్వరం తగ్గింది. పై ఆదివారం లూదియమ్మ చాప తిప్పి పరిచింది, వీపు ఏటికి, మొహం కొటార్లకి. ఏసోబు వచ్చి కూర్చున్నాడు. నూకాలు వచ్చింది. మెల్లగా మరికొందరు వచ్చారు. ఏళ్లు గడిచి ఏరు సన్నబడి ఆవలి పల్లెవాళ్లు పడవేసుకుని వచ్చేసరికి, ఈవల కూడా ఒక పాక ఉంది. ఎత్తితే పాకంతా అందుకుంటోంది.

అయినా లూదియమ్మ కంగారు మాత్రం పోలేదు. ఎవరు రాలేదో చూడ్డానికి లేచేది, వాకిట్లోకి పోయేది, మళ్లీ వచ్చేది. ఆమె కుదురుగా పడుకున్నది చివరికి ఆ గట్టు పక్కన మట్టిలోనే. ఆమెని మట్టిచేసిన మర్నాటి ఆదివారం మార్త పాట ఎత్తింది. తలుపు వైపు తిరిగి ఎత్తి, అలవాటు కొద్దీ ఒక ఊపిరంతసేపు ఆగింది. ఆ ఊపిరిలో ఎవరో గడప దాటి లోపలికొచ్చారు. వచ్చిందెవరో ఇప్పుడెవరికీ గుర్తులేదు.

ఇప్పటికీ ఆ పాకలో పాట ఎత్తేవాళ్లు తలుపు వైపు తిరుగుతారు. ఎత్తాక ఒక ఊపిరి ఆగుతారు. "ఎందుకు ఆగారు?" అని చంటిపిల్లలు అడిగితే, "ఇంకా ఎవరైనా దారిలో ఉన్నారేమో" అంటారు.

ఎవరైనా సంఘానికి రావడం మానేసి, "ఇంట్లోనే పాడుకుంటున్నాంలే" అన్నారనుకోండి, పెద్దవాళ్లు కోప్పడరు. లూదియమ్మ మాటగా ఒకటే అడుగుతారు:

"ఎత్తావు సరే, అందుకున్నదెవరు?"