గడియ తీయని ఆకు

నెమలికోట రాజు భుజబలరాయలకు ఒకనాటి పొద్దున ఉన్నట్టుండి ఓ ఆలోచన వచ్చింది. ఒకే పనికి ఇద్దరు మనుషులెందుకు?

ఆ పని ఇది. రాజాజ్ఞ ఏదైనా సరే తాటాకు మీద రాసి పంపేవారు. భటులు ఆ ఆకులో ఉన్నది ఉన్నట్టు చేసేవారు, వెంట్రుకవాసి ఎక్కువా కాదు, తక్కువా కాదు. సొంత బుర్ర వాడిన భటుణ్ణి ఒకప్పుడు రాజుగారి తాత కొలువులోంచి తీసేశాడు. అప్పట్నుంచీ ఎవరూ వాడలేదు. అందుకని ఆకు బయటికి పోకముందే దాన్ని పరీక్షించడానికి ఇద్దరుండేవారు.

ఇవాళ ఆప్‌లు తయారుచేసేవాళ్లూ ఇదే చేస్తారు. కోడ్‌ని నడిపించకముందే చదివి తప్పులు పట్టే పనిముట్లు రెండు రకాలు పెట్టుకుంటారు. రాత పద్ధతిగా ఉందో లేదో చూసే లింటర్ ఒకటి, ఆ రాత ప్రకారం నడిస్తే ఎక్కడ బోర్లా పడతామో ముందే చెప్పే స్టాటిక్ ఎనాలిసిస్ మరొకటి. ఏది మేలని తెగ వాదించుకుంటారు కూడా. భుజబలరాయలకు పనిముట్లు లేవు, మనుషులున్నారు. వాదన మాత్రం అదే.

మొదటివాడు వేంగళాచార్యులు. ఆకు చేతిలో పడితే చాలు, వంకర వరుసలు, అలుక్కుపోయిన అక్షరాలు, పాటించని మర్యాదలు అన్నీ రెప్పపాటులో ఏరేసేవాడు. నిజంగా గట్టివాడే. ఆ సంగతి అందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

రెండోవాడు పోలయ్య. ఆకు ముందు పెట్టుకుని కళ్లు మూసుకుని, ఆజ్ఞలోని ప్రతి అడుగూ మనసులోనే నడిచేవాడు. పూటంతా పట్టేది. చివరికి లేచి, "ఒకవేళ..." అని మొదలుపెట్టేవాడు. ఒకవేళ ఏనుగు వెనక్కి నడిస్తే? ఒకవేళ ఇద్దరు రాయబారులు ఒకేసారి వస్తే? పదింట్లో ఆరు ఎప్పటికీ జరగనివే. ఆ మాట వింటేనే రాజుగారికి ఒళ్లు మండేది.

"కొత్త ఖజానా గది కాపలాకి ఆకు రాయించాను," అన్నాడు రాజు. "రేపు పొద్దున నేనే మొదట లోపల అడుగు పెడతాను. ఇద్దరూ ఆకు చూడండి. ఎవరి పరీక్ష మేలైతే వాళ్లుంటారు, రెండోవారు ఇంటికి. పోలయ్యా, నీ నోట 'ఒకవేళ' అన్న మాట వచ్చిందో, ఇక పరీక్ష కూడా అక్కర్లేదు."

ఇరవై రెండేళ్లుగా పోలయ్యకి వచ్చిన పని అదొక్కటే.

సాయంత్రానికి ఇద్దరూ సభకి వచ్చారు.

"నలభై మూడు తప్పులు, ప్రభూ!" అన్నాడు ఆచార్యులు. "నాలుగో వరుస చివర చోటు వదల్లేదు. ఒకచోట గడియ అని, ఇంకోచోట గొళ్లెం అని రాశారు. అన్నీ దిద్దేశాను. ఇప్పుడు ముత్యాల్లా ఉంది, చూడండి."

నిజంగానే ఉంది. రాజు పోలయ్య వైపు తిరిగాడు. "నీకెన్ని దొరికాయి?"

"ఒకటి, ప్రభూ."

"ఒకటా!" ఆచార్యులు పకపకా నవ్వాడు. సభ కూడా నవ్వింది.

"ఏమిటది?" అన్నాడు రాజు.

చెప్పబోతే మొదట వచ్చేది ఆ మాటే. అది లేకుండా ఎలా చెప్పాలో పోలయ్యకి తెలియలేదు. చెప్పకపోతే రేపు లోపలికి వెళ్లేది రాజు. అది తలుచుకుంటే భయం వేసింది. చివరికి చేతులు కట్టుకున్నాడు.

"ఇంత చక్కగా దిద్దిన ఆకుకి మొదటి మర్యాద దిద్దినవారికే దక్కాలి ప్రభూ. తమకంటే ముందు ఆచార్యులవారిని లోపలికి పంపండి. నా ఒక్కటీ అక్కడే మనవి చేసుకుంటాను."

ఆచార్యులు కాదంటాడా? కండువా సర్దుకుని, రాజూ సభా తలుపు దాకా వెంటరాగా ఖజానా గదిలోకి ఒక్కడే నడిచాడు. కాపలా భటుడు జంగన్న ఆకు చూసుకుంటూ తలుపు మూసి, బయట గడియ వేశాడు.

పోలయ్య తలుపు దగ్గరికి వెళ్లి గొంతు పెంచాడు. "ఆచార్యులవారూ! ఆకులో ఇంకా ఏమైనా తప్పుందా?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు!" లోపల్నుంచి గొంతు ఖంగుమంది.

"అయితే బయటికి రండి."

తలుపు కదిలింది. మళ్లీ కదిలింది. ఆ తర్వాత దబదబా బాదిన చప్పుడు.

"గడియ తియ్యవోయ్," అన్నాడు రాజు.

జంగన్న ఆకు చదివాడు. "'లోపలికి పోయినవారు బయటికి వచ్చి, కాపలావాని చిట్టాలో ముద్ర వేసిన పిమ్మటనే గడియ తీయవలెను.' ఆయన ఇంకా బయటికి రాలేదు ప్రభూ."

"గడియ తియ్యకపోతే ఎలా వస్తాడయ్యా?"

"అది ఆకులో లేదు ప్రభూ."

రాజు ఆ తలుపు వంక చూశాడు. రేపు పొద్దున దాని వెనక ఉండాల్సింది తానే. నుదుటి చెమట తుడుచుకున్నాడు. "నేను చెబుతున్నాను, తియ్యి!"

"ఆకు ఇప్పించండి ప్రభూ."

పోలయ్య గబగబా కొత్త ఆకు రాసిచ్చాడు. జంగన్న దాన్ని నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు, తిరగేశాడు. "ఇది తమరి రాతా, చెదలు తిన్నదా? ఆచార్యులవారు దిద్దని ఆకు నేను ముట్టుకోకూడదు కూడాను."

చేసేదేమీ లేక పోలయ్య ఆ ఆకును తలుపు కింది సందులోంచి లోపలికి తోశాడు.

"మూడు వరుసల్లో పంతొమ్మిది తప్పులు!" అని లోపల్నుంచి కేక వచ్చింది. ఆ కేకలో బాధ ఉంది, కొంచెం సంతోషం కూడా ఉంది. గంటం ఎప్పుడూ ఆయన మొలలోనే ఉండేది; కాసేపటికి ముత్యాల్లాంటి ఆకు బయటికి జారింది. జంగన్న చదివి గడియ తీశాడు.

ఆచార్యులు బయటికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, ముందు చిట్టాలో ముద్ర వేశాడు.

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "ఇద్దరూ ఉండండి. ప్రతి ఆకూ ముందు ఆచార్యులకి, ఆ తర్వాత పోలయ్యకి." తన వేలి పచ్చల ఉంగరం తీసి పోలయ్య చేతిలో పెట్టాడు. "దీంతోపాటు రోజుకి మూడు 'ఒకవేళ'లు నీకు ఇనాం."

పోలయ్య ఉంగరం కళ్లకద్దుకున్నాడు. అలాగే ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"ఒకవేళ నాలుగోది అవసరమైతే, ప్రభూ?"

"మొదటిది అయిపోయింది," అన్నాడు రాజు. సభ గొల్లున నవ్వింది.