మునగచెట్టు పిట్ట, గైరమ్మ కోడిపిల్లలు

అనగా అనగా, సముద్రం హోరు వినబడేంత దగ్గర్లో ఒక ఇసుకనేల ఊరు. ఆ ఊళ్లో గైరమ్మ అనే ఇల్లాలు. మనిషి మంచిదే కానీ కాలు ఒక చోట నిలవదు. పొయ్యి మీద ఎసరు పెట్టి వాకిట్లోకి, వాకిట్లోంచి పెరట్లోకి, కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

ఆమె పెంచుకునే నల్లకోడిపెట్ట పిల్లల్ని చేసింది. వాటిని చూసుకుంటే గైరమ్మకు ఆకలి తెలిసేది కాదు. కానీ పిల్లలు వచ్చాయంటే గద్దా వస్తుంది కదా. రోజూ పెరటి మీద ఒక నీడ గిరగిరా తిరిగేది.

ఆ పెరట్లో మునగచెట్టు మీద పసులపోలిగాడు గూడు కట్టుకున్నాడు. గొడ్ల వీపులెక్కి తిరుగుతుందే, తోక చీలిన నల్లపిట్ట, అదే. చెట్టు దగ్గరికి ఎవరొచ్చినా నెత్తిన పొడవనిదే వాడికి తోచదు.

గద్దను బెదరగొట్టడానికి గైరమ్మ మొదట దిష్టిబొమ్మ నిలబెట్టింది. చెట్టు కింద నిలబడి దాని చెయ్యి సర్దింది, తల సర్దింది, మళ్లీ చెయ్యి సర్దింది. పిట్ట వచ్చి నెత్తిన పొడిచింది. ఆమె కొంగు విదిలించి దాన్ని తరుముతుండగా, గద్ద దిగి ఒక పిల్లను తన్నుకుపోయింది.

తర్వాత కుక్కను లాక్కొచ్చి చెట్టు మొదట్లో కట్టింది. పిట్ట ఆమెనూ పొడిచింది, కుక్కనూ పొడిచింది. ఆ గోలలో ఇంకో పిల్ల పోయింది.

ముచ్చటగా మూడోసారి పాత చేపలవల తెచ్చి, పీటెక్కి కొమ్మకు కట్టబోయింది. పిట్ట పోటుకు వల ఆమె నెత్తినే పడింది. అందులోంచి బయటపడేసరికి మరో పిల్ల లేదు.

గైరమ్మ ఏడ్చింది. ముద్ద మింగలేదు.

“గైరీ, ఒక్క పూట కుదురుగా కూకోలేవా?” అన్నాడు మొగుడు అప్పన్న.

“నాను కూకుంటే పిల్లల్ని ఎవులు సూత్తారు? ఇదంతా ఆ నల్లపిట్ట వల్లే” అంటూ, గూడు పడగొట్టడానికి మునక్కాయలు కోసే దోటి అందుకుంది.

పిట్ట ఈసారి పొడవలేదు. కొమ్మ మీంచి నోరు విప్పింది.

“అమ్మా, ఈ గూట్లో నా పిల్లలున్నాయి. గద్దను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది ఎంత పెద్దదైనా తరిమి తరిమి పొడుస్తాను. కానీ నాకున్నది ఒక్కటే ముక్కు. అది నీ నెత్తి మీద ఉన్నప్పుడు గద్ద వీపు మీద ఎలా ఉంటుంది?”

బొమ్మ పెట్టిన రోజు, కుక్కను కట్టిన రోజు, వల కట్టబోయిన రోజు గైరమ్మకు గుర్తొచ్చాయి. దోటి అక్కడే పడేసి, వెళ్లి గడప మీద కూర్చుంది.

నీడ రానే వచ్చింది. గైరమ్మ కాళ్లు పరుగెత్తమన్నాయి. ద్వారబంధం గట్టిగా పట్టుకుంది. నల్లపెట్ట అరిచి పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. గద్ద ఇంకా కిందికి దిగింది. గైరమ్మ పళ్లు బిగించింది.

మునగచెట్టు మీంచి నల్లపిట్ట రివ్వున లేచి గద్ద వీపెక్కింది. టకటకా పొడిచింది. ఈకలు రాలాయి. గద్ద తోక ముడిచి సముద్రం వైపు పారిపోయింది. పిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చి మట్టి కెలకసాగాయి.

గైరమ్మ ఒళ్లంతా చెమట. “ఇంత కట్టమైన పని నానెప్పుడూ సెయ్యలేదు మావా” అంది.

కాబట్టి పిల్లలూ, కాపలా కాసేవాడికి అడ్డం పడకుండా ఉండడం కూడా కాపలాయే.