పురిటింటి దగ్గర ఆగిన సూరీడు

అనగనగా ఒక ఊరు. ఎక్కడుందీ అని అడక్కు, ఆ ఊరు ఒక చోట నిలిస్తేగా! బుధుడి మీద ఉండేది. సూరీడికి పక్కింట్లో కాపురం ఉంటాడే, ఆ చిన్న రాతి గ్రహం, ఆ బుధుడు.

అక్కడ సూరీడు మన సూరీడికి రెండు మూడింతలు కనబడతాడు. ఎండ పడితే సీసం కూడా కరిగిపోతుంది. ఎండ పోతే రాళ్ళు కూడా కొంకర్లు పోయేంత చలి. ఆ రెంటికీ మధ్య సన్నటి మసకపట్టీ ఒకటుంది. ఊరు ఊరంతా ఆ పట్టీలోనే నడుస్తూ ఉండేది. కాస్త ముందుకు ఉరికి ఒక కునుకు తీసి, వెనక కొండ అంచు మెరవగానే చాపలు చుట్టుకుని మళ్ళీ నడక. గాలి లేని చోట ఎలా బతికారంటావా? కథలో బతుకుతార్లే, ఊకొట్టు కన్నయ్యా.

ఆ ఊళ్ళో వరాలని ఒక పిల్ల. వాళ్ళమ్మ పైడమ్మ నిండు చూలాలు. వరాలికి ఒకటే గుబులు. నడుస్తూ నడుస్తూ అమ్మ ముఖం చూసేది, తిరిగి వెనక కొండ చూసేది. అనుకున్నంతా అయింది. ఒకనాడు పైడమ్మ నడుం పట్టుకుని కూలబడిపోయింది.

"నొప్పులే," అంది మంత్రసాని అప్పాయమ్మ. "ఇంక అడుగు వెయ్యలేదు."

"ఎంతసేపు పడుతుంది అత్తా?" అంది వరాలు.

"వచ్చేవాళ్ళని తొందరపెట్టగలమా తల్లీ?"

ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టారు. మగవాళ్ళు దూరంగా జరిగి అటు తిరిగి నిలబడ్డారు. కానీ ఎవరి కాళ్ళూ ఊరుకోవే! నిలబడ్డ చోటే తొక్కుతున్నారు.

అప్పుడు వరాలు నీడ కోసం పరిగెత్తింది. మొదట ఒక గుంట కనబడింది. బుధుడి ఒళ్ళంతా గుంటలే కదా, ఆకాశంలోంచి రాళ్ళు పడీ పడీ. "గుంటా గుంటా, మా అమ్మని దాస్తావా?" అని అడిగింది.

"నా లోతు నీ మోకాలి దాకా కూడా లేదు. ఉత్తరపు కొసన మా అక్కుంది. దాని అడుగున ఎండే పడదు, మంచు కూడా ఉంది. అక్కడికి తీసుకుపో," అంది గుంట. అడుగు వెయ్యలేని మనిషిని అంత దూరం ఎలా తీసుకుపోతుంది, పాపం!

ఆ తర్వాత ఒక రాతిగోడ కనబడింది. బుధుడు లోపల చల్లారి కుంచించుకుపోతుంటే పైన ముడతలు పడతాయి, ఎండిన నిమ్మకాయకి పడ్డట్టు. అలాంటి ముడత అది. "గోడా గోడా, మా అమ్మని దాస్తావా?"

"దాద్దును గానీ, నా మొహం తూర్పుకే. మొదటి ఎండ నా మీదే పడుతుంది," అంది గోడ.

ఇంతలో కొండ అంచు భగ్గుమంది. సూరీడు తలెత్తాడు. వరాలికి ఏడుపొచ్చింది, ఏడుపు వెనకే ఒళ్ళు మండింది. నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురెళ్ళి నిలబడింది.

"ఏవయ్యా మావయ్యా, బుద్ధుందా? ఇక్కడ పురుడు జరుగుతోంది! మగాడివై ఉండి పురిటింట్లోకి తొంగిచూస్తావా?"

సూరీడు సిగ్గుతో చచ్చిపోయాడు. "అయ్యో, నాకెవరూ చెప్పలేదమ్మా! గుమ్మం కూడా లేదు, ఇల్లని ఎలా తెలుస్తుంది?"

"నువ్వు మమ్మల్ని నిలవనిస్తేగా, గుమ్మం పెట్టుకోవడానికి!"

సూరీడు వచ్చిన దారినే వెనక్కి నడిచి, కొండ అవతలికి దిగిపోయాడు. ఇప్పటికీ అక్కడ కొన్ని చోట్ల అంతే, తలెత్తుతాడు, వెనక్కి దిగుతాడు, ఆ తర్వాతే మళ్ళీ వస్తాడు.

అప్పుడు ఊరు ఊరంతా కుదురుగా కూర్చుంది. కూర్చోవడం కూడా చేతకాదు వాళ్ళకి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. అంతలో చీరల వెనక నుంచి కేరుమని ఏడుపు.

కొండ అవతల నుంచి సూరీడు మెల్లిగా అడిగాడు. "ఏం బిడ్డమ్మా?"

వరాలు నోరు తెరిచింది. చెప్తే వచ్చేస్తాడు. చెల్లెలు అప్పుడే నిద్రలోకి జారింది. అమ్మ కూడా. భయం లేకుండా నిద్రపోయే మనుషుల్ని వరాలు ఎప్పుడూ చూళ్ళేదు.

"ఇంకా కాలేదు మావయ్యా," అంది.

ఆ కేరు సూరీడికి వినబడలేదంటావా? వినబడే ఉంటుంది. అయినా "సరేనమ్మా" అని ఊరుకున్నాడు.

కథేమో నడిచి కంచికి,
కన్నయ్య చేరె మంచానికి,
సూరీడు కొండ అవతలికి,
నిద్రమ్మ రెప్పల ఇవతలికి.